హెల్ప్ ఫైల్లో స్టార్లు ఎటు పోయాయి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రోగ్రాములు, ఫైళ్లు రాసుకోవడానికి వాడే విమ్ అనే ఎడిటర్‌తో పాటు వచ్చే హెల్ప్ ఫైళ్ల గురించి, వాటిలో ఫార్మాటింగ్ తప్పులు కనిపిస్తే మనలాంటి వాళ్లం కూడా దిద్ది పంపొచ్చని పోయిన నెల ఇదే పేజీలో రాశాను కదా, ఆ ఒక్క మాటకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదండీ. అందుకే ఈసారి ప్రింటర్ల గోల, ఫోన్ స్టోరేజీ గోల పక్కన పెట్టేసి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాం. ముందే ఒక మాట. పత్రికలో అంతా తెలుగు లిపిలోనే వేస్తారు కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే కనిపిస్తాయి, మీరు మాత్రం కీబోర్డు మీద మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టుకోండి, హెల్ప్, సెట్ లాంటి విమ్ కమాండ్లకి ముందు కోలన్ మర్చిపోకండి.

ప్రశ్న: సార్, నేను ఎంసీఏ చదువుతున్నాను. విమ్‌కి ఒక చిన్న ప్లగిన్ (అదనపు సదుపాయం ఇచ్చే ప్రోగ్రాము) రాసి, దానికి హెల్ప్ ఫైల్ కూడా రాశాను. ముఖ్యమైన చోట్ల ఇంపార్టెంట్ అనే మాటకి అటూ ఇటూ స్టార్ పెట్టాను, వాట్సాప్‌లో పెడితే బోల్డ్ అవుతుంది కదా అలాగ. హెల్ప్‌లో తెరిస్తే స్టార్లు కనిపించట్లేదు, మాట మాత్రం వేరే రంగులో ఉంది. సర్లే బాగానే ఉంది అనుకుంటే హెల్ప్‌ట్యాగ్స్ కమాండ్ కొట్టగానే ఇ154 అని ఎర్రగా ఎర్రర్. డూప్లికేట్ ట్యాగ్ అంటుంది. నేనసలు ట్యాగ్ ఎక్కడ పెట్టాను? – మద్దిలపాలెం

జవాబు: పెట్టారు తమ్ముడూ, పెట్టానని మీకు తెలీదంతే. విమ్ హెల్ప్‌లో స్టార్ అంటే బోల్డ్ కాదు. రెండు స్టార్ల మధ్య, స్పేస్ లేకుండా ఏ మాట ఉన్నా అది ఒక చిరునామా. ఎవరైనా హెల్ప్ అని కొట్టి ఆ మాట ఇస్తే సరిగ్గా ఆ లైన్ దగ్గరికి తీసుకొచ్చి నిలబెడుతుంది. హెల్ప్‌ట్యాగ్స్ కమాండ్ చేసే పనల్లా డాక్ ఫోల్డర్లో ఉన్న ఫైళ్లన్నీ చదివి, ఇలా స్టార్ల మధ్య ఉన్న మాటలన్నీ ఏరి, ట్యాగ్స్ అనే ఫైల్లో వరసగా రాసుకోవడం. మీరు ఇంపార్టెంట్ అనే మాటని ఒకటి కంటే ఎక్కువ చోట్ల స్టార్లలో పెట్టారు, అంటే ఒకే డోర్ నంబరు రెండిళ్లకి వేసినట్టే, పోస్ట్‌మ్యాన్ ఎటెళ్తాడు? అందుకే ఇ154.

స్టార్లు కనిపించకపోవడం వేరే సంగతి. హెల్ప్ పేజీ తెరిచినప్పుడు విమ్ కన్సీల్ అనే సదుపాయం వాడి ఈ గుర్తుల్ని దాచేస్తుంది, చదివే వాళ్లకి అడ్డం రాకూడదని. రాసే వాళ్లకి మాత్రం ఇదే పెద్ద తలనొప్పి, తప్పు కళ్ల ముందే ఉన్నా కనపడదు. కన్సీల్‌లెవెల్ ని సున్నాకి సెట్ చేసి చూడండి, స్టార్లు, లింకుల చుట్టూ ఉండే నిలువు గీతలు, కమాండ్ల చుట్టూ ఉండే బ్యాక్‌టిక్‌లు అన్నీ బయటపడతాయి. హెల్ప్ దిద్దే పని మొదలెట్టే ముందు నేనైతే ఇదే చేయమంటాను.

మరి ముఖ్యమైన మాటని ఎత్తి చూపించాలంటే ఏం చేయాలి? బోల్డ్ లేదు, ఇటాలిక్ లేదు. నోట్ అనే మాట వాక్యం ముందు పెడితే దానంతటదే రంగు మారుతుంది, వార్నింగ్ అన్నా అంతే. దాంతో సరిపెట్టుకోవాలి, సరిపోతుంది కూడా. ఇంకొకటి, మీరు నిజంగా పెట్టదలచుకున్న ట్యాగ్‌లకి ముందు మీ ప్లగిన్ పేరు తగిలించండి, ఉత్త మ్యాపింగ్స్ అనో ఆప్షన్స్ అనో పెట్టకండి. ఎందుకంటే ఇ154 అనేది ఒకే డాక్ ఫోల్డర్లో రెండుసార్లు వస్తేనే అరుస్తుంది, వేరే ప్లగిన్ ఫోల్డర్లో అదే పేరుంటే నోరెత్తదు, యూజర్ మీ ఆప్షన్స్ కోసం వెతికితే వేరే వాళ్ల పేజీ తెరుచుకుంటుంది, మీకు తిట్లు పడతాయి. అన్నట్టు ఆ ట్యాగ్స్ ఫైల్ని గిట్‌లో (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచిపెట్టే టూల్) పెట్టకండి, ఇగ్నోర్ లిస్టులో వేసేయండి, ఎవరి మెషీన్లో వాళ్లకి అది తయారవుతుంది.

ప్రశ్న: మా ఆఫీసు రుషికొండ మీద, టీం అంతా నియోవిమ్ (విమ్ నుంచే పుట్టిన ఇంకో ఎడిటర్), నేనొక్కణ్ణే పాత విమ్. మా ఇంటర్నల్ ప్లగిన్ హెల్ప్‌లో రెండు వింతలున్నాయి. ఒకచోట కోడ్ ఉదాహరణకి కోడ్ రంగు రావట్లేదు. ఇంకోచోట ఉదాహరణ అయిపోయినా రంగు ఆగట్లేదు, కింద ఉన్న రెండు పేరాలూ కోడ్‌లాగే కనిపిస్తున్నాయి. గుర్తులు సరిగ్గానే పెట్టాను అని ప్రమాణం చేసి చెప్తున్నాను. – మధురవాడ

జవాబు: ప్రమాణాలెందుకు బాబూ, రెండూ పాత రోగాలే, మందు కూడా ఉంది.

కోడ్ మొదలవ్వాలంటే దాని పై లైన్ చివర గ్రేటర్ దేన్ గుర్తు, అదే >, పెడతారు. దానికి ముందు ఒక స్పేస్ ఉండాలి, లేదా ఆ లైన్లో అదొక్కటే ఉండాలి. అందరూ మర్చిపోయే షరతు ఇంకొకటుంది, ఆ గుర్తు తర్వాత లైన్లో ఇంకేమీ ఉండకూడదు, కంటికి కనపడని స్పేస్ కూడా. మీ మొదటి కేసు నూటికి తొంభై పాళ్లు ఇదే, గుర్తు పెట్టి అలవాటుగా స్పేస్‌బార్ ఒకసారి నొక్కేసి ఉంటారు. సెట్ లిస్ట్ అని కొట్టండి, ప్రతి లైన్ చివరా డాలర్ గుర్తు కనిపిస్తుంది, గ్రేటర్ దేన్‌కి డాలర్ ఆనుకుని ఉంటే సరే, మధ్యలో సందు ఉంటే అదే దొంగ. మీ టీం వాళ్ల నియోవిమ్‌లో డాలర్ రాదు, దాని బదులు చివర మిగిలిన స్పేసులు హైఫన్లలా కనిపిస్తాయి. సెక్షన్ లోపలి హెడ్డింగులకి చివర పెట్టే టిల్డా ~ ది కూడా ఇదే కథ, దాని వెనకాల స్పేస్ ఉంటే హెడ్డింగ్ రంగు రాదు సరికదా టిల్డా బయటికి కనిపిస్తూ ఉంటుంది.

ఇక ఆగని రంగు. కోడ్ ఎక్కడ ఆగాలో విమ్ ఎలా తెలుసుకుంటుందంటే, లైన్ మొట్టమొదటి గడిలో (గడి అంటే ఒక్క అక్షరం పట్టే చోటు) ఏదైనా అక్షరం కనిపిస్తే ఆహా కోడ్ అయిపోయింది అనుకుంటుంది. మామూలు పేరా ఎడమ అంచు నుంచే మొదలవుతుంది కాబట్టి చాలాచోట్ల మనం ఏమీ చేయకుండానే ఆగిపోతుంది. కానీ ఆప్షన్ల వివరణ రాసేటప్పుడు పేరా మొత్తం ట్యాబ్ కొట్టి లోపలికి జరిపి రాస్తాం కదా, అక్కడ మొదటి గడి ఎప్పుడూ ఖాళీయే, పాపం విమ్ అదంతా కోడ్ అనుకుంటూ పోతుంది. కోడ్ అయిపోయిన తర్వాతి లైన్లో మొదటి గడిలో లెస్ దేన్ గుర్తు < పెట్టండి, దాని పక్కనే ట్యాబ్ కొట్టి మీ వివరణ కొనసాగించొచ్చు, వేరే లైన్ అక్కర్లేదు. ఆ గుర్తు కూడా దాగిపోతుంది కాబట్టి చదివే వాళ్లకి ఏమీ తెలీదు.

కొత్త వెర్షన్లలో గ్రేటర్ దేన్‌కి ఆనించి భాష పేరు కూడా రాయొచ్చు, విమ్ అని రాస్తే విమ్ స్క్రిప్ట్ రంగులు, లువా అని రాస్తే లువా రంగులు. నియోవిమ్ వాళ్లు దీన్ని బాగా వాడతారు. మీ ప్లగిన్ పాత విమ్‌లో కూడా నడవాలంటే మాత్రం ఉత్త గుర్తుతో సరిపెట్టండి, పాతదానికి ఆ భాష పేరు అర్థం కాదు, కోడ్ రంగు మొత్తానికే పోతుంది.

ఇంకో సంగతి, పేరా లైన్లు సర్దడానికి జీక్యూ కొట్టే అలవాటుంటే కోడ్ ఉదాహరణ మీద కర్సర్ పెట్టి మాత్రం కొట్టకండి, నాలుగు లైన్ల కోడ్‌ని కలిపి ఒక్క లైన్ చేసి పెడుతుంది.

ప్రశ్న: హెల్ప్ పేజీలో స్పెల్లింగ్ తప్పు కనిపించింది, అక్కడే దిద్దుదామంటే టైప్ అవ్వట్లేదు. అడ్మిన్ పర్మిషన్ కావాలా? – సీతమ్మధార

జవాబు: అక్కర్లేదండీ. హెల్ప్ కమాండ్‌తో తెరిచిన పేజీ చదవడానికి మాత్రమే, మార్చనివ్వదు. మీ మెషీన్లో ఉన్న కాపీని దిద్దినా అది మీ ఒక్కరికే, వచ్చే అప్‌డేట్‌తో పోతుంది కూడా. గిట్‌హబ్‌లో విమ్ సోర్స్ తెచ్చుకుని రన్‌టైమ్ ఫోల్డర్లో డాక్ అనే ఫోల్డర్లో ఉన్న ఫైల్ని మామూలుగా ఎడిట్ కమాండ్‌తో తెరిచి దిద్దండి.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తాను. ఒక ఓపెన్ సోర్స్ ప్లగిన్ హెల్ప్‌లో రెండు స్పెల్లింగులు దిద్ది, పనిలో పని కాలమ్స్ వంకరగా ఉన్నాయని అవి కూడా నీట్‌గా సర్ది పంపాను. వాళ్లేమో ఫైలంతా మార్చేశారు, వెనక్కి తీసుకోండి అని రాశారు. నేను మార్చింది రెండు మాటలు, నీట్‌గా సర్దడం తప్పా? పిల్లలకి చూపించి గొప్పగా చెప్దామనుకున్నాను, పరువు పోయింది. – గాజువాక

జవాబు: పరువు పోయేంత ఏమీ లేదు మేడం, ఇది అందరికీ మొదటిసారి తగిలే దెబ్బే. జరిగిందేంటో చెప్తా. ఆ కాలమ్స్ వంకరగా లేవు. మీ కంప్యూటర్లో వంకరగా కనిపించాయి.

విమ్ హెల్ప్ ఫైళ్ల ఆనవాయితీ ఏటంటే ట్యాబ్ అంటే 8 గడులు, ఆ ట్యాబ్ నిజంగా ట్యాబ్ అక్షరంగానే ఫైల్లో ఉండాలి, స్పేసులుగా మార్చకూడదు, లైన్ వెడల్పు 78 గడులు. 80 గడుల టెర్మినల్ కాలం నుంచి వస్తున్న పద్ధతి. ఇప్పుడు ప్రోగ్రాములు రాసే వాళ్లలో ఎక్కువమంది ట్యాబ్‌ని 4 గా పెట్టుకుని, నొక్కితే స్పేసులు పడేలా సెట్ చేసుకుంటారు. మీ సెట్టింగ్ కూడా అదే అయ్యుంటుంది. 8 గడులు లెక్కేసి సర్దిన కాలమ్స్‌ని 4 తో చూస్తే చెల్లాచెదురుగా కనిపిస్తాయి మరి. దాన్ని చూసి మీరు రీట్యాబ్ కొట్టారు, ట్యాబ్‌లన్నీ స్పేసులైపోయాయి, ట్యాబ్ ఉన్న ప్రతి లైనూ గిట్ లెక్కలో కొత్త లైన్ అయిపోయింది.

ఆ ప్లగిన్‌ని చూసుకునే మనిషి, అదే మెయింటెయినర్, ఆయన కష్టం కూడా చూడండి. మీరు పంపింది తెరిస్తే వందల లైన్లు ఎరుపు, వందల లైన్లు పచ్చ, వాటిలో అసలు మార్పు రెండు మాటలు. ఏ లైన్ ఎవరు ఎందుకు రాశారో చూసుకునే గిట్ బ్లేమ్‌లో రేపట్నుంచి అన్నిటి మీదా మీ పేరే వస్తుంది. ఆ హెల్ప్‌ని వేరే భాషలోకి అనువదించే వాళ్లుంటే, మూలంలో లైన్ మారింది కాబట్టి మళ్లీ చూడాలి కాబోలనుకుని ఒక్కొక్కటీ వెతుక్కుంటారు. ఊరికే చిరాకు పడలేదు ఆయన.

ఇప్పుడేం చేయాలంటే, గిట్‌లో పాత ఫైల్ని వెనక్కి తెచ్చుకోండి, ఆ రెండు మాటలే దిద్దండి, పంపే ముందు గిట్ యాడ్‌కి హైఫన్ పీ తగిలించి ముక్క ముక్కగా చూపించమనండి, ఈ ముక్క కావాలా అని అడుగుతుంది, మీరు కావాలని మార్చినవాటికే వై నొక్కండి. గిట్ డిఫ్‌కి హైఫన్ డబ్ల్యూ పెడితే స్పేస్ మార్పులు వదిలేసి అసలు మార్పే చూపిస్తుంది, అది ఉన్నప్పుడు రెండు లైన్లు, లేనప్పుడు రెండొందల లైన్లు కనిపిస్తే ఎక్కడో ట్యాబ్ కొంప ముంచిందని అర్థం. హైఫన్ హైఫన్ చెక్ అని పెడితే కొత్తగా లైన్ల చివర మిగిలిపోయిన స్పేసుల్ని వేలెత్తి చూపిస్తుంది.

నిజంగానే వంకరున్న కాలమ్ ఉంటే? ఉంటాయి, కుడివైపు అంచున నిలబెట్టే ట్యాగ్‌లలో ఎక్కువగా ఉంటాయి. దానికి వేరే కమిట్ (గిట్‌లో ఒక విడత మార్పులు) పెట్టండి, పైన ఇది ఫార్మాటింగ్ మాత్రమే, మాటలేవీ మారలేదు అని రాయండి. స్పెల్లింగు, సర్దుడు కలిపి ఒకే కమిట్‌లో పంపడం కన్నా వంకరని వంకరగా వదిలేయడమే నయం అంటాను నేను. పిల్లలకి కూడా ఆ వెనక్కొచ్చినదే చూపించండి మేడం, పక్కనే సరిచేసింది పెట్టి, గిట్ డిఫ్ పాఠానికి ఇంతకన్నా మంచి మెటీరియల్ దొరకదు.

ప్రశ్న: మా ప్లగిన్ హెల్ప్ ఫైల్ చివర విమ్ కోలన్ టీడబ్ల్యూ అంటూ ఏదో లైన్ ఉండేది. దాని కింద లైసెన్స్ పేరా చేర్చాను. అప్పట్నుంచి ఎడిట్‌లో తెరిస్తే రంగుల్లేవు, ట్యాబ్‌లు 4 అయిపోయాయి. లైసెన్స్‌కి రంగులకి ఏంటి సంబంధం? – గోపాలపట్నం

జవాబు: ఆ లైన్‌ని మోడ్‌లైన్ అంటారు. ఈ ఫైల్ వెడల్పు 78, ట్యాబ్ 8, ట్యాబ్‌ని స్పేసులు చేయొద్దు, ఇది హెల్ప్ ఫైల్ అని విమ్‌కి చెప్పేది అదే. మామూలు సెట్టింగ్‌లో విమ్ ఫైల్ మొదటి 5 లైన్లు, చివరి 5 లైన్లు మాత్రమే వెతుకుతుంది. మీ లైసెన్స్ పేరా దాన్ని ఆ అయిదు లైన్ల హద్దు దాటించి పైకి తోసేసింది, ఇక కనిపించట్లేదు. లైసెన్స్‌ని పైకి జరిపి మోడ్‌లైన్‌ని అన్నిటికన్నా చివర పెట్టండి, అంతే.

అలా చేసినా రాకపోతే మీ సిస్టంలో మోడ్‌లైన్ మొత్తానికే ఆఫ్ చేసి ఉండొచ్చు. 2019లో మోడ్‌లైన్ ద్వారా ఎవరో రాసిన కమాండ్ మన కంప్యూటర్లో నడిచేలా ఒక కంత బయటపడింది, 8.1.1365 ప్యాచ్‌తో పూడ్చేశారు, కానీ ఆ భయంతో ఆపేసిన అడ్మిన్లు చాలామంది ఉన్నారు, కొన్ని లినక్స్‌లలో అంతకుముందు నుంచే ఆపి ఉంటుంది. సెట్ మోడ్‌లైన్ అని చివర క్వశ్చన్ మార్క్ పెట్టి కొడితే ఆన్‌లో ఉందో లేదో చెప్తుంది. ముందు వెర్బోస్ అని చేర్చి ట్యాబ్‌స్టాప్ గురించి అడిగితే ఆ విలువ ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్తుంది, మోడ్‌లైన్ నుంచా, మీ సొంత సెట్టింగ్‌లుండే విమ్‌ఆర్‌సీ ఫైలు నుంచా అని. ఇది చాలామందికి తెలీదు గానీ భలే పనికొస్తుంది.

ప్రశ్న: నేను కామా, స్పేసూ లాంటివి దిద్ది పంపుతుంటాను, కోడ్ రాయడం అంతగా రాదు. మా రూమ్మేట్స్ నవ్వుతున్నారు, ఇదీ ఒక కంట్రిబ్యూషనేనా అని. – ఎంవీపీ కాలనీ

జవాబు: నవ్వనీయండి. ఒక నిలువు గీత పోయిన లింక్‌కి రంగు రాదు, అక్కడ లింక్ ఉందని చదివే వాళ్లకి తెలీదు, ఆ గీత పెట్టిన మనిషి ఆ పేజీ చదివే ప్రతి ఒక్కరికీ పని చేసి పెట్టినట్టే. విమ్ 1991లో బయటికొచ్చింది, దాన్ని రాసి ముప్పై ఏళ్లకి పైగా నడిపిన బ్రామ్ మూలెనార్ 2023 ఆగస్టు 3న పోయారు, అప్పట్నుంచి క్రిస్టియన్ బ్రబాంట్ ముందుండి నడిపిస్తున్నారు, 2024 జనవరిలో వచ్చిన 9.1 వెర్షన్‌ని బ్రామ్‌కే అంకితమిచ్చారు. ఇలాంటి చిన్న దిద్దుబాట్లు అక్కడ రోజూ తీసుకుంటూనే ఉంటారు. కాకపోతే పద్ధతి తెలుసుకుని పంపండి. విమ్ హెల్ప్ ఫైళ్ల మొదటి లైన్లో లాస్ట్ ఛేంజ్ అని తేదీ ఉంటుంది, దిద్దినప్పుడు దాన్ని కూడా మార్చాలి. నియోవిమ్‌లో అయితే ఏపీఐ పేజీ లాంటి కొన్ని ఫైళ్లని ఎవరూ చేత్తో రాయరు, సోర్స్ కోడ్‌లోని కామెంట్ల నుంచి తయారవుతాయి, వాటిలో కామా పెట్టాలంటే సోర్స్‌లో కామెంట్‌లో పెట్టాలి, హెల్ప్ ఫైల్లో పెడితే మళ్లీ తయారైనప్పుడు మీ కామా గాల్లో కలిసిపోతుంది. రాయడం ఎలాగో హెల్ప్ హైఫన్ రైటింగ్ అని విమ్‌లోనే పేజీ ఉంది, ఒకసారి చదవండి, రూమ్మేట్స్ చేత కూడా చదివించండి.

ప్రశ్న: నమస్కారం. స్టీల్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ విభాగంలో చేసి రిటైర్ అయ్యాను, మాన్యువల్స్‌తోనే జీవితం గడిచింది. ఖాళీగా ఉండలేక విమ్ యూజర్ మాన్యువల్‌ని తెలుగులోకి రాయడం మొదలుపెట్టాను, రెండు అధ్యాయాలు అయ్యాయి. ఫైలుకి ఏం పేరు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, విమ్ దాన్ని ఎలా గుర్తుపడుతుంది? ట్యాగ్ పేర్లు కూడా తెలుగు చేయాలా? – ఉక్కునగరం

జవాబు: గురువుగారూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది మీదే.

విమ్‌లో ఏ భాష హెల్ప్ అయినా ఫైలు పేరు చివర ఎక్స్‌టెన్షన్‌తోనే తెలుస్తుంది. ఆ భాషకి రెండక్షరాల కోడ్, దాని పక్కన ఎక్స్. జపాన్ వాళ్లది జేఏఎక్స్, ఇటలీ వాళ్లది ఐటీఎక్స్. తెలుగు కోడ్ టీఈ కదా, ఇప్పుడు కలిపి చదవండి. టీఈఎక్స్! అది టెక్ డాక్యుమెంట్ల ఎక్స్‌టెన్షన్, లేటెక్‌లో థీసిస్‌లు రాసుకునే వాళ్లది. మన అదృష్టం అలా తగలడింది. హెల్ప్ కమాండ్‌తో తెరిచినప్పుడు విమ్ దాన్ని హెల్ప్‌గానే చూపిస్తుంది, ఇబ్బంది లేదు. మీరు ఎడిట్ చేయడానికి తెరిచినప్పుడే టెక్ అనుకుని ఏవేవో రంగులు వేస్తుంది, అందుకని పైన గోపాలపట్నం వాళ్లకి చెప్పిన మోడ్‌లైన్ మీ ఫైళ్లకి ఇంకా ముఖ్యం, అందులో ఫైల్‌టైప్ హెల్ప్ అని తప్పక ఉండాలి.

ఆ ఫైళ్లని మీ సొంత విమ్ ఫోల్డర్లో డాక్ అనే ఫోల్డర్ చేసి పెట్టి, హెల్ప్‌ట్యాగ్స్ కొడితే తెలుగు ఫైళ్ల కోసం ట్యాగ్స్ హైఫన్ టీఈ అని వేరే జాబితా తయారవుతుంది. హెల్ప్‌ల్యాంగ్ ఆప్షన్‌ని టీఈ అని సెట్ చేసుకుంటే ముందు తెలుగు చూపిస్తుంది, మీరింకా రాయని అధ్యాయాలకి ఇంగ్లీషుకే వెళ్తుంది, కాబట్టి మొత్తం అయ్యేదాకా ఆగక్కర్లేదు, ఈ రెండు అధ్యాయాలనే ఇప్పుడే నలుగురికీ ఇవ్వొచ్చు. ఇంగ్లీషు పేజీ కావాలనుకున్నప్పుడు అడిగే మాట చివర ఎట్ గుర్తు, ఈఎన్ చేర్చాలి.

ట్యాగ్ పేర్లు మాత్రం ముట్టుకోకండి. నిలువు గీతల మధ్య లింకులు, స్టార్ల మధ్య ట్యాగ్‌లు, సింగిల్ కోట్స్‌లో ఆప్షన్ పేర్లు, యాంగిల్ బ్రాకెట్లలో కీల పేర్లు అన్నీ ఇంగ్లీషులో ఎలా ఉన్నాయో అలాగే. అదే ట్యాగ్ రెండు భాషల్లోనూ ఉంటేనే విమ్ దీనికి తెలుగు ఉందా అని చూసుకోగలదు. మీరు యూనిట్‌లో వాల్వుల మీద ట్యాగ్ నంబర్లు మార్చరు కదా, ఇదీ అంతే అనుకోండి.

ఇక్కడొక గోతి ఉంది, పడేదాకా ఎవరికీ తెలీదు. ఫైలు యూటీఎఫ్-8 (తెలుగు లాంటి లిపులన్నిటినీ దాచగలిగే ఎన్‌కోడింగ్) అవునా కాదా అని హెల్ప్‌ట్యాగ్స్ మొదటి లైన్ మాత్రమే చూసి తేల్చేస్తుంది. ఆ లైన్లో ఒక్క తెలుగు అక్షరం అయినా ఉంటే యూటీఎఫ్-8, అంతా ఇంగ్లీషే ఉంటే లాటిన్-1 అనుకుంటుంది. మీ రెండు అధ్యాయాల్లో ఒకదాని మొదటి లైన్ తెలుగులో, ఇంకోదాని మొదటి లైన్ ఇంగ్లీషులోనే వదిలేశారనుకోండి, ఒకే భాషలో రెండు ఎన్‌కోడింగ్‌లు కలిశాయని ఇ670 కొడుతుంది. జపాన్ వాళ్ల ఫైళ్లు తెరిచి చూడండి, మొదటి లైన్లో వెర్షన్ అనే మాటొక్కటైనా జపనీస్‌లో రాసి ఉంటుంది. మీరూ ప్రతి ఫైల్ మొదటి లైన్లో వెర్షన్ అని తెలుగులో రాసేయండి, పని అయిపోతుంది.

చివరిది వెడల్పు, దీనికి మాత్రం నా దగ్గర పూర్తి మందు లేదు. విమ్ లెక్కంతా గడుల్లో. స్త్రీ అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం, విమ్ లెక్కలో స, త, ర మూడు హల్లులు కాబట్టి మూడు గడులు, గుడి దీర్ఘానికి, పొల్లుకి గడి లేదు. టెర్మినల్ ఫాంటేమో దాన్ని ఇంకోలా గీస్తుంది, కొన్నిట్లో వత్తు పక్కకి జారిపోతుంది, కొన్నిట్లో పక్క అక్షరం మీద ఎక్కి కూర్చుంటుంది. కాబట్టి 78 గడులకి సరిపెట్టిన లైన్ ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది. కాలమ్స్‌తో పట్టికలు ఉన్నచోట కమాండ్‌ని ఎడమవైపు ఒంటరిగా ఒక లైన్లో పెట్టి, తెలుగు వివరణని ట్యాబ్ కొట్టి కింద లైన్లో రాయండి, తెలుగు పక్కన ఇంకో కాలమ్ పెట్టకుండా ఉంటే సగం బాధ తప్పుతుంది. లైన్లు కూడా 78 దాకా లాగకుండా కాస్త ముందే తుంచేయండి. కోడ్ ఉదాహరణల్లో ఒక్క అక్షరం కూడా తెలుగు చేయొద్దు, కామెంట్లు తప్ప.

మొదటి అధ్యాయం మెయిల్‌లో పంపండి, మా దగ్గర విమ్, నియోవిమ్ రెండిట్లోనూ తెరిచి ఎక్కడెక్కడ అక్షరాలు ఎక్కిదిగుతున్నాయో స్క్రీన్‌షాట్‌లు తీసి పంపుతాను.

ప్రశ్న: మా రీడ్‌మీ ఫైలు మార్క్‌డౌన్‌లో (చిన్న చిన్న గుర్తులతో ఫార్మాటింగ్ చేసే పద్ధతి) చక్కగా ఉంది. దాన్నే మళ్లీ హెల్ప్ ఫార్మాట్‌లో కొట్టాలా? – పెందుర్తి

జవాబు: కొట్టక్కర్లేదు, పాన్‌విమ్‌డాక్ అని ఒక టూల్ ఉంది, మార్క్‌డౌన్ ఇస్తే హెల్ప్ ఫైల్ చేసి ఇస్తుంది, గిట్‌హబ్‌లో మీరు మార్చినప్పుడల్లా దానంతటదే నడిచేలా పెట్టుకోవచ్చు. హెడ్డింగుల నుంచి ట్యాగ్ పేర్లు అదే అల్లుతుంది, అవి ఒక్కోసారి చాంతాడంత వస్తాయి, అలాంటివి కనిపిస్తే మార్క్‌డౌన్‌లో హెడ్డింగే చిన్నది చేయండి, తయారైన ఫైల్లో దిద్దితే తర్వాతిసారి నడిచినప్పుడు పోతుంది.